తుంగకు అడ్డం వేసిన ఇరవై రెండు మూటలు

నా పేరు చిన్నబ్బ. తండ్రి ఎల్లప్ప. వయసు యాభై తొమ్మిది. వృత్తి చేపలు పట్టడం. బంగారుపాళ్యం దగ్గర సిద్ధనగుంట చెరువుకు మా సంఘం తరఫున పదకొండేళ్లుగా కాపలా కూడా నాదే. ఈ రోజు 9-9-2025, మంగళవారం, ఉదయం పదిన్నరకు స్టేషన్‌లో అడిగినదానికి చెబుతున్నాను. రెండు రోజులుగా నిద్ర లేదు. ఎక్కడైనా తడబడితే మళ్లీ అడగండి.

మా చెరువు పడమటి కొసన, వానకు పారే వంక వచ్చి కలిసే చోట తుంగ గడ్డి పెరిగిన జాగా ఉంది, దాన్ని తుంగ అనే అంటాము. కొరమీను అక్కడే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా ఉన్నన్నాళ్లు తల్లీతండ్రీ వాటి కిందే తిరుగుతాయి, వదిలిపోవు. అందుకని పిల్లలు నల్లబడేదాకా మేమెవరమూ అక్కడ వల వేయము. గెడలకు పాత వల పీలికలు కట్టి హద్దు పెడతాము. మా నాయన కాలం నుంచీ ఇంతే.

చేపలు గుడ్లు పెట్టే చోట్లలో వేటిని కాపాడాలో మత్స్యశాఖవాళ్లు ఐదేళ్లకొకసారి సర్వే చేసి జాబితా తిరగరాస్తారు. ఈసారి మే 14న, మధ్యాహ్నం పన్నెండుకు స్రవంతి మేడం వచ్చారు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైందట. మంచి మనిషి, అంత ఎండలోనూ చెరువంతా నడిచారు. పడమటి కొసన నేల బీటలు వారి ఉంది. తుంగను మేకలు కొరికేసి మొదళ్లే మిగిలాయి.

"ఈడ చేపలున్నాయా పెద్దాయనా?" అని ఆమె అడిగారు.

"ఈడ యాడుండాయి మేడం, అన్నీ తూముకాడికి పోయినాయి" అని చెప్పాను.

ఆమె రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను. చెప్పింది నిజమే. మే నెలలో నిజం. వానొస్తే వస్తాయని ఒక్క మాట అనలేదు. అది తెలియనివాళ్లు ఉంటారని నాకు తోచలేదు.

జూలైలో జాబితా వచ్చింది. మా తుంగ అందులో లేదు. ఆగస్టు మొదట్లో దయానంద్ అనే కాంట్రాక్టరు అక్కడ మట్టికి అనుమతి తెచ్చుకున్నాడు. సగం తుంగ టిప్పర్లలో పోయింది. ఆగస్టు 20న వానలు పట్టుకుని, మిగిలిన సగంలో మోకాటి లోతు నీళ్లు చేరాయి. సెప్టెంబరు 4న ఎర్రపిల్లలు కనబడ్డాయి. మూడు గుంపులు. నేనే చూశాను, మూడు.

నీళ్లుంటే మట్టి తీయలేరు. అందుకని దయానంద్ శనివారం తుంగలో నీళ్లు పోవడానికి కాలువ కొట్టించాడు. ఆదివారం సాయంత్రానికి నీళ్లు పిక్కల దాకా దిగాయి. ఐదున్నరకు డ్రైవరు రూపేష్ జేసీబీని తుంగ పక్క పల్లంలో ఆపి ఇంటికి బయల్దేరాడు.

"అబ్బోడా, బండిని గట్టెక్కించి పో. మబ్బు పట్టుండాది" అన్నాను.

"పొద్దున్నే ఈడే పని తాతా, ఉండనీ" అన్నాడు.

రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు.

ఆరు నుంచి ఏడున్నర దాకా ఆ కాలువకు అడ్డం మూటలు వేశాను. సంచుల్లో మట్టి నింపి, మూతులు వల అల్లే నూలుతో కుట్టాను. ఇరవై రెండు మూటలు. ఇరవై ఒకటి సిమెంటు సంచులు. ఒకటి మా ఆవిడ మునిరత్నమ్మ బియ్యం పోసుకునే సంచి, ఆమె ఇంకా అడగలేదు. నాకెవరూ సాయం రాలేదు. నడుము ఇప్పటికీ పట్టేసే ఉంది. తర్వాత వాన పడి వంక వచ్చింది. సోమవారం పొద్దున ఆరుకు చూస్తే జేసీబీ సీటు దాకా మునిగి ఉంది. మునుగుతుందని నాకు ముందే తెలుసు.

దయానంద్ ఫిర్యాదు పెడితే నన్ను ఇక్కడికి పిలిపించారు. హెడ్ కానిస్టేబుల్ ధనుంజయ గారు నా మీద జాలిపడ్డారు. "మూటలు వంకలో కొట్టుకొచ్చి పడినాయని సెప్పి ఇంటికి పో పెద్దాయనా" అన్నారు. ఆయనకు దండం పెడతాను, కానీ అట్లా రాయవద్దు. కొట్టుకొచ్చిన చెత్తయితే దయానంద్ ఈ సాయంత్రమే తీయించేస్తాడు, తుంగలో నీళ్లు పోతాయి. నేను వేసినవైతే అవి కేసులో సాక్ష్యం, విచారణ అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. ఇందాక ధనుంజయ గారే దయానంద్‌కు ఆ మాట చెబుతుంటే విన్నాను. పిల్లలు నల్లబడటానికి ఇంకా పదిహేను రోజులు కావాలి. కాబట్టి రాసుకోండి. మూటలు నేనే వేశాను. ఇరవై రెండూ నేనే వేశాను.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. ఇది నిజమని ఒప్పుకుని కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం) ఎ. చిన్నబ్బ