ఎరుపు ఉండే గడి

ఎడారి లోయ అంచున కారు ఆపుకుని చిత్రకారుడు బొమ్మ వేస్తున్నాడు. ఆయన భార్య టీ కప్పు పట్టుకుని వెనకాల నిలబడింది.

“ఏవండీ, కొండకి ఆకుపచ్చ పూశారేమిటి?”

“ఆకుపచ్చ ఏమిటి? ఎరుపేగా. సరిగ్గా చూడు.”

“నా కళ్లకేం, బాగానే ఉన్నాయి. అక్కడున్న కొండ ఇటుకలా ఉంది. మీ కొండ మీద మేకల్ని మేపుకోవచ్చు.”

“నా రంగుల పెట్టె ముట్టుకున్నావా?”

“పొద్దున లాడ్జిలో తుడిచి, ట్యూబులన్నీ మళ్లీ సర్దాను. జిడ్డోడుతుంటే చూడలేకపోయాను.”

“ఎరుపు మొదటి గడిలోనే ఉండాలి. ఎన్నిసార్లు చెప్పాను!”

“గడి మారితే మాత్రం, పిండినప్పుడు రంగు తెలియదా?”

“టీ ఇలా ఇయ్యి.”

“టీ సంగతి తర్వాత. తెలియదా అని అడుగుతున్నాను.”

“ఏడాదిగా ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకేలా ఉంటున్నాయి, మట్టిరంగులో. ఇక బాగుపడదన్నాడు కళ్ల డాక్టరు.”

“భగవంతుడా! మరి ఇంతదూరం కారెలా నడిపారు? సిగ్నళ్ల దగ్గరో?”

“పైది వెలిగితే ఆగుతాను, కిందది వెలిగితే కదులుతాను.”

“రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుడికి చెప్పుకునేదాన్ని కదండీ. నా దగ్గర దాచారేం?”

“బొమ్మలు మానేయమంటావని.”

“సరే, ఎరుపే కనబడనప్పుడు ఇంత ఎర్రటి చోటికి ఎందుకొచ్చాం?”

“ఇక్కడ ఎరుపు తప్ప ఇంకేమీ ఉండదన్నారు. ఇంత ఉంటే కొంచెమైనా కనబడకపోతుందా అనుకున్నాను.”

“కనబడిందా?”

“నువ్వొచ్చి ఆకుపచ్చ అనేదాకా, కనబడుతోందనే అనుకున్నాను.”