ఉయ్యాల చీర

1957 ఎండాకాలం. జమ్మలమడుగు ఆసుపత్రిలో మొగుడికి ఆపరేషన్ అయ్యాక, మొగుడూపెళ్లాలు పులివెందుల బస్సు వెనక సీట్లో కూర్చున్నారు. బస్సు కుదిపినప్పుడల్లా అతను పళ్లు బిగబట్టి నొప్పి మింగుతున్నాడు.

“నొస్తాందా మామా?”

“లేదులే.”

“మూడు దినాలు కడుపునొప్పని అబద్ధం చెప్తివి.”

“ఆడ డాక్టరుకు ఆ చోటు ఎట్ల చూపేది మే?”

“నేను చెప్పినంక గదా ఆయమ్మ కోసి చూసింది! బీజానికి నెత్తురు పోయే నరంలో గడ్డ కట్టిందంట. శానా అరుదంట.”

“సిగ్గుపడి ఒక బీజం పోగొట్టుకుంటి. పెండ్లయి నాలుగేండ్లాయె, ఇంగ మనకు బిడ్డలు యాడ? నువ్వు మారుమనువు చేసుకో.”

“రెండోది బాగుండాది, అదే చాలనె డాక్టరమ్మ.”

“ఊరికే ధైర్యం చెప్పింటాది.”

ఆమె అతనికి దగ్గరగా జరిగింది.

“పోయిన నెల మీయమ్మ బొంత కుట్టను నా పెండ్లిచీర అడిగింది.”

“ఇస్తివా?”

“ఇయ్యలేదు. ఉయ్యాలకు దాచినా.”

“ఈసారి అడిగితే?”

“ఈసారీ ఇయ్యను.”

అతను కిటికీవైపు తిరిగాడు. ఎర్రనేల మసకమసకగా వెనక్కి పోతోంది. ఇంకో ఊరు దాటాక ఆమెవైపు తిరిగాడు.

“నడవ దూలానికి కడదాం మే. ఆడయితే గాలి బాగొస్తాది.”