పిన్ని మెచ్చిన తాగుబోతు లాయరు

ఏంటే అది, మళ్లీ లాయరు పుస్తకమా? నాలుగో భాగమా? చదువుకో, చివర ఏమవుతుందో మాత్రం నాకు చెప్పకు. ఆ, తెలుసులే, తాగుతాడు, అబద్ధాలాడతాడు, కూతురి పుట్టినరోజు మర్చిపోతాడు, కోర్టులో నోరు విప్పితే మాత్రం జడ్జి కన్నార్పడు. మా పిన్ని చదివే పుస్తకాల్లోనూ అలాంటివాడే ఒకడుండేవాడు. నువ్వు పుట్టకముందే పోయింది పిన్ని. బాబాయి లాయరు, నేను ఆయన దగ్గర టైపు కొట్టేవాణ్ణి, తిండి వాళ్లింట్లోనే. పిన్నికి ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో పుస్తకం. కూర మాడిందంటే ఆ లాయరు కేసు గెలిచాడన్నమాట. అబ్బ, ఈ కుర్చీ ఒకటి, కుదురుగా కూర్చోనివ్వదు. ఏం చెప్తున్నా? ఆ, బాబాయీ తాగేవాడు. అదే తంటా. పుస్తకంలో వాడు తాగితే పిన్ని కళ్లు తుడుచుకునేది, పాపం వాడికెవరున్నారని. బాబాయి తాగొస్తే తలుపు తీసేది కాదు. ఆయన వరండాలో కూర్చుని, వాడికి జాలీ నాకు గడియా, ఇదేం న్యాయమే అని కిటికీతో వాదించేవాడు.

ఓసారి తాగి కోర్టుకెళ్లి అవతలి పక్షం తరఫున వాదించాడు. నవ్వకు, బాగా వాదించాడు కూడా. మనవాళ్ల కేసు పోయింది. ఆ సాయంత్రం పిన్ని పెట్టె సర్ది మంచం కిందికి తోసింది. ఈ పుస్తకం అవగానే అన్నయ్య ఇంటికి పోతానంది. బాబాయికి కాలు నిలిస్తే ఒట్టు. ఆవిడ స్నానానికెళ్లినప్పుడు పుస్తకం చివర తిప్పాడు. అందులో లాయరు పెళ్లాం వాణ్ణి వదిలేసి పోతుంది. టపటపా ఆ కాగితాలు చింపి జేబులో కుక్కుకున్నాడు. పిన్ని చదువుతూ అక్కడిదాకా వచ్చి అడిగింది, "చివరి పేజీలు లేవు. ఏమైందంటారు?" ఈయన బోనులో సాక్షిలా నిలబడి, "ఆవిడ ఉండిపోయింది. వాడు మానేశాడు" అన్నాడు. పిన్ని పుస్తకం మూసి, సరే, అన్నానికి రండి అంది. అంతే, మానేశాడు. వరండా అంతా పచార్లు చేసేవాడు, అయినా పోయేదాకా ముట్టలేదు.

ఆయన పోయాక పిన్ని నాతో అంది, "నేనెప్పుడూ చివరి పేజీలే ముందు చదువుతాన్రా. లేకపోతే గుండె దడ." ఆయనకు చెప్పలేదేం అని అడిగా. చెబితే మళ్లీ తాగుడు మొదలెట్టేవారంది. అని మంచం కింద పెట్టె లాగమంది. అన్నేళ్లూ సర్దింది సర్దినట్టే ఉంది. పట్టుబట్టలు విప్పబోతే మడతల దగ్గర చిరిగిపోయాయి.

ఇటు తే ఆ పుస్తకం, చివరి పేజీలున్నాయా... వద్దులే. ఆ కిటికీ వెయ్యి, గాలి కొడుతోంది.