నొక్కితేనే లెక్క

కాదండీ, ఇంకా ఆ శాలువా భుజం మీదే వేసుకుని నిలబడ్డారేంటండీ గట్టు మీద? చూడండి చెరువుకేసి! శీలావతి చేపలన్నీ చచ్చి తెల్లగా తేలిపోయాయి. వాటికి కూడా చెప్తారా మీ ఫంక్షనల్ ప్రోగ్రామింగు?

నిన్న ఏలూరు కాలేజీలో ఆ శాలువా కప్పించుకుని గంటసేపు మాట్లాడారుగా. ఏం చెప్పారండీ పిల్లలకి? "మా మండవల్లి చెరువు నోట్సంతా మామూలు టెక్స్ట్ ఫైలే, మాటల మధ్యలోనే హాస్కెల్ కోడ్ ముక్కలు, కర్సర్ పెట్టి నొక్కితే ముక్క కిందే జవాబు" అనేగా? నాకు నోటికొచ్చేసిందండీ. పెళ్లయిన దగ్గర్నుంచీ మీరు కాపురం చేసింది ఆ ఫైలుతోనే కదా.

పైగా ఆ హాస్కెల్ అనే కంప్యూటర్ భాష అవసరం పడేదాకా లెక్క కట్టదంట! అది బద్ధకం కాదంట, గొప్ప గుణమంట. ఆహా, మీకు తగ్గ భాషే దొరికింది!

మరి నిన్న సాయంత్రం ఏం చేశారు? మబ్బు పట్టింది, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. బుద్ధిగా కొత్త రీడింగు ఇంట్లో కంప్యూటర్లో కొట్టారు. అక్కడిదాకా బాగానే ఉంది. నొక్కారా? లేదు! కాలేజీ కారు హారన్ కొట్టగానే పరిగెత్తారు. పైన అంకె కొత్తది, కింద జవాబు మొన్నటిది. నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు, "ఏరేటర్లు అక్కర్లేదు" అని అలాగే కూర్చుంది. నొక్కితేనే మారుతుందని నాకు వందసార్లు చెప్పింది మీరేనండీ!

ఇప్పుడు తల దించుకుంటే లేస్తాయా అవి? వచ్చే వారమే కదండీ చేపల పట్టుబడి. ఏడాదంతా మేత వేసి పెంచామండీ.

ఏంటి, ఏడుకొండల్ని పిలుస్తున్నారా? చెరువు కాపలా మనిషి కదాని అతని మీద అరుస్తారా? ఆగండి. పిలవకండి. అతని తప్పేం లేదు.

అతను రాత్రి ఫోన్ చేశాడండీ. "ఉక్కగా ఉందమ్మగారూ, చేపలు పైపైకి వస్తున్నాయి, ఏరేటర్లు వేసేయమంటారా?" అని. మీ ఫోనేమో కలవలేదు. మన పాప పింకీకి అన్నం పెడుతూ, ఎడం చేత్తో మీ ఫైలు తెరిచాను. చూశాను. "వద్దులే, అయ్యగారి లెక్కలో అక్కర్లేదని ఉంది" అన్నాను.

నవ్వండి, ఇప్పుడు మీ వంతు. ఇన్నేళ్లూ ఆ ఫైలుని వెక్కిరించినదాన్నే. నిన్న ఒక్క రాత్రే నమ్మానండీ. నొక్కాలని తెలుసు. నొక్కలేదు.