రౌతు గణపతిరావు గారూ, బోరింగు ఎరుగని ఇంజనూ

1938వ సంవత్సరం జూలై నాలుగవ తేదీన, ఆషాఢపు ముసురులో తడిసిన పంచె అంచులు పిండుకుంటూ మన తీరప్రాంత మత్స్యకారుల సహకార విక్రయ సంఘం గుమ్మమెక్కిన నవయువకులు శ్రీ రౌతు గణపతిరావు గారు, ఈ 1969 మార్చి నెలాఖరున కార్యదర్శి హోదాలో అదే గుమ్మం దిగుతున్నారు. నెల్లిమర్ల చేరువలో వరి పండించుకునే ఇంట పుట్టి, సముద్రమంటే పంచాంగంలో గ్రహణస్నానాలకు మాత్రమే పనికివచ్చేదని నమ్మి పెరిగినవారికి చేపల సంఘంలో కొలువేమిటని ఆనాడు బంధువులు ముక్కున వేలేసుకున్నారట. వారికీ అదే సందేహం. వంజరమన్నా కోనామన్నా ఒకటే చేప అని తెలియడానికి వారికి ఏడాది పట్టింది. తెలిసిన తరువాత, మరి రెండు పేర్లెందుకని ఇంకో ఏడాది అడిగారు.

ఉప్పుచేపల గోదాములో గుమాస్తాగా ప్రారంభమైన వారి ఉద్యోగజీవితం, యుద్ధకాలపు కరువులోనూ, స్వాతంత్ర్యానంతరపు ఉత్సాహంలోనూ, పాలెపు గుడిసెలను ఎత్తుకుపోయిన తుఫాన్లలోనూ ఒకే నిదానంతో సాగి, 1953లో కార్యదర్శి పదవిని అలంకరించింది. ఆ రోజుల్లో భోగాపురం దిగువనున్న మన పాలెంలో వల ఒడ్డుకు రాకముందే దళారీ వచ్చి కూర్చునేవాడు. అతడు చెప్పిందే ధర. కాదన్న ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని విజయనగరం బజారు దాకా నడవాల్సిందే, నడిచేలోగా చేప మెత్తబడాల్సిందే. ఈ దుస్థితిని తొలగించాలని పంతం పట్టిన గణపతిరావు గారు, సైన్యం వారు వేలం వేసిన ఒక పికప్పు వ్యానును 1958లో సంఘానికి కొనిపెట్టారు. ఆనాటి నుంచి తెల్లవారుతూనే చేపలూ, చేపలమ్మే ఆడవాళ్ళూ ఆ బండి వెనుక ఎక్కి బజారుకు చేరేవారు, దళారీ ఇసుకలో కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు.

ఇంతటి ఘనకార్యం సాధించిన మహానుభావులకు పెట్రోలు వాసన పడదన్న రహస్యాన్ని ఈ సంచికలో వెల్లడించక తప్పదు. బండి పక్కన నిలబడితేనే వారికి కడుపులో తిప్పేది. వారి సహధర్మచారిణి శ్రీమతి సుభద్రమ్మ గారు లాల్చీ జేబులో నిమ్మకాయ వేసి పంపినా ప్రయోజనం లేకపోయింది. అందుచేత పాలెం వెళ్ళవలసి వచ్చినప్పుడు వారు బస్సులో వెనుక కిటికీ దగ్గర కూర్చుని, దిగి, మిగతాది నడిచేవారు. బండి బాగోగులన్నీ వారి బాధ్యత, బండి ఎక్కడం మాత్రం వారి వల్ల కాని పని.

ఆ బండి ఇంజను ఎన్ని మైళ్ళు తిరిగిందన్న ప్రశ్న వారి జీవితాన్ని ఎంత కలచివేసిందో కార్యాలయంలో ఎరుగని వారు లేరు. సైన్యంలో ఎంత తిరిగిందో సైన్యం వారు చెప్పలేదు. మన దగ్గరికి వచ్చాక మీటరు అన్ని తొమ్మిదులూ చూపించి, ఒకనాడు ఉన్నట్టుండి అన్ని సున్నాలకూ వచ్చేసింది. బండి కొత్తదైపోయిందని డ్రైవరు అప్పలసూరి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. తరువాత మైలురాళ్ళు పోయి కిలోమీటరు రాళ్ళు వచ్చాయి. మెకానిక్కు సోములు ఏదో కారునుంచి ఊడదీసి తెచ్చిన మీటరు బిగించాడు, అది కిలోమీటర్ల మీటరు. మైళ్ళూ కిలోమీటర్లూ కలిపి కూడితే వచ్చేవి ఏమిటని గణపతిరావు గారు ఒక పూటంతా తల పట్టుకున్నారు. చివరకు అధ్యక్షులు మైలపల్లి గంగులు గారిని అడిగారు.

"నా ఇంటిపేరులోనే మైలు ఉన్నాది బాబూ, అయినా నాకేటి తెల్సు? నడిసినన్నాల్లు నడుస్తాది" అన్నారు గంగులు గారు.

లక్ష దాటితే ఇంజను ముసలిదయినట్టేనని సోములు, దాటితేనే అసలు కుదురుకుంటుందని అప్పలసూరి వాదించుకునేవారు. లక్ష మైళ్ళా, కిలోమీటర్లా అని గణపతిరావు గారు అడిగితే సోములు పానా కోసమూ, అప్పలసూరి తాళాల కోసమూ వెతుక్కునేవారు.

1967 వేసవిలో బండి వెనుక నుంచి నీలిపొగ మొదలైంది. ఆయిలు పోసింది పోసినట్టే తాగేస్తోంది. సోములు ఇంజను మీద చెవి ఆనించి విని, పెదవి విరిచాడు. "బోరింగు సెయ్యాల బాబూ. లోపల అరిగిపోనాది. బోరింగు సేయిస్తే ఇంకో లచ్చ వస్తాది. లేదంటే దీపావళి సూడదు." బండి ఆగితే దళారీ మర్నాడే ఇసుకలోంచి లేచి వస్తాడన్న భయంతో గణపతిరావు గారికి ఆ రాత్రి అన్నం సయించలేదని సుభద్రమ్మ గారు ఇప్పటికీ చెబుతారు.

పాలెంలో సర్వసభ్య సమావేశం ఏర్పాటు చేశారు. గణపతిరావు గారు కండువా సవరించుకుని లేచి, "సోదర సోదరీమణులారా! మన సంఘానికి బోరింగు అత్యవసరము. ఇంకను జాప్యము చేసినచో మహా ప్రమాదము" అని ఉద్ఘాటించారు. ఇంజను మాట ప్రత్యేకించి ఎత్తలేదు. పొగ అందరికీ కనబడుతూనే ఉన్నది గదా!

సభ హోరెత్తిపోయింది. గంగులు గారు తువ్వాలు విసిరికొట్టి, "బోరింగు కావాల్సిందే! మా ఆడోల్లు ఎన్నాల్లని సత్తారు?" అన్నారు. ఇంజను బోరింగుకూ ఆడవాళ్ళు చావడానికీ సంబంధమేమిటో గణపతిరావు గారికి అంతు పట్టలేదు. బండి వెనుక కూర్చుంటారు గనుక పొగ కళ్ళలో పడుతోంది కాబోలునని సరిపెట్టుకున్నారు. ఇంతలో చేపలమ్మే ఆడవాళ్ళకు పెద్దదిక్కయిన జగ్గమ్మ ముందుకు వచ్చి వారి కాళ్ళకు దండం పెట్టింది. "నీ కడుపు సల్లగుండ బాబూ! మా అమ్మ అడిగి అడిగి పోనాది. నీ సేతుల మీద జరగాలని ఉన్నాది." జగ్గమ్మ తల్లి బ్రతికుండగా పాలెంలో ఇంజనన్నదే లేదే అని వారు దారి పొడుగునా ఆలోచించారు. అయినా యంత్రం పట్ల ఆ ప్రజలకున్న భక్తికి వారి కళ్ళు చెమర్చాయి.

ఆ వారంలోనే ఇద్దరు మనుషులు విజయనగరంలోని కార్యాలయానికి వచ్చారు. "అయ్యా, బోరింగు పనికి గంగులు గారు మాటాడారు. పాలెంలో ఎక్కడ దించమంటారు?" అని అడిగారు. ఇంజను దించి గాని బోరింగు చేయరని సోములు చెప్పి ఉన్నాడు. వీరు సోములు మనుషులే అనుకున్నారు గణపతిరావు గారు. "ఎండన పడి దించడమెందుకు, నాయనా? బండి షెడ్డు ఉన్నది గదా, నీడ పట్టున అందులోనే దించండి" అని ఎంతో దయతో సెలవిచ్చారు.

మర్నాడు పని చూడబోయిన వారికి కనిపించిన దృశ్యం ఇది. బండి ఎండలో నిలబడి ఉంది. దాని షెడ్డు నడిమధ్యన నలుగురు మనుషులు "ఐసా" అంటూ పెద్ద ఇనుపగొట్టాన్ని భూమిలోకి దించుతున్నారు. ఆడవాళ్ళు గొట్టానికి పసుపు రాసి, వేపమండ కడుతున్నారు.

"అప్పలసూరీ! ఇంజనేదిరా?"

"బండిలోనే ఉన్నాది బాబూ. బండి బయటెట్టమన్నారు, ఎట్టీసినాను. ఇంజను దించుతారని పొద్దున్నుంచీ సూస్తన్నాను, గొట్టం దించుతన్నారు. నాకూ ఏటీ తెలవడం లేదు."

ఆ క్షణంలో గణపతిరావు గారికి అంతా తెలిసిపోయింది. పాలెంలో తవ్వితే ఉప్పునీళ్ళు. మంచినీళ్ళ కోసం ఆడవాళ్ళు తోటలవతల ఇసుకలో చెలమలు తోడుకుని, బిందె నిండేదాకా పడిగాపులు కాసేవారు. ఎవరో మట్టి చూసి, లోతుగా గొట్టం దించితే తియ్యటి నీరు పడుతుందన్నారట. అప్పటి నుంచి పాలెంలో బోరింగంటే ఆ బోరింగు ఒక్కటే. సంఘం నిధి చూస్తే ఒక్క బోరింగుకే చాలుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. వారికి ముందు నిజంగానే నుయ్యి, వెనుక పొగలు కక్కే బండి.

అక్కడే ఇసుకలో గంగులు గారినీ జగ్గమ్మనూ కూర్చోబెట్టి, తాము అడిగింది ఇంజనుకనీ, ఇప్పుడు పని ఆపితే ఇంజనును బ్రతికించుకోవచ్చుననీ, ఆపకపోతే దీపావళికి బండి ఆగిపోతుందనీ విడమరచి చెప్పారు. గంగులు గారు గడ్డం గోక్కున్నారు. "ఒరే, బోరింగంటే ఇంజనుకి కూడా ఉంటాదేటి?" అని అప్పలసూరిని అడిగారు.

జగ్గమ్మ మాత్రం గొట్టం వంకే చూస్తూ, "బండి ఆగితే గంప మోస్తాం బాబూ. మోసినోల్లమే కదా. నీల్లు మాత్రం వొగ్గం" అన్నది.

వారు లేచి, పని కానిమ్మని గొట్టం దగ్గరి మనుషులకు చెప్పారు. సాయంత్రానికి షెడ్డులో నీళ్ళు పడ్డాయి, తియ్యటి నీళ్ళు. పాలెమంతా గోల గోలగా తాగుతుంటే గణపతిరావు గారు కూడా దోసిలి పట్టి తాగారు. సంతోషించాలో ఏడవాలో తెలియక, బస్సు ఎక్కి ఇల్లు చేరారు.

దీపావళి వచ్చింది, వెళ్ళింది. బండి ఆగలేదు. సంక్రాంతి దాటింది, మరో వేసవి వచ్చింది. నీలిపొగ కక్కుతూనే, ఆయిలు తాగుతూనే బండి ప్రతి ఉదయం బజారుకు చేరుతూనే ఉంది. గణపతిరావు గారి ఆశ్చర్యం క్రమేణా ఆందోళనగా మారింది. ఆగవలసింది ఎందుకు ఆగలేదో తెలియనివారికి, అది ఎప్పుడు ఆగుతుందో ఎలా తెలుస్తుంది? సోములును పిలిపిస్తే చెవి ఆనించి విని, "సచ్చిపోవాల్సింది బాబూ, ఎలగ నడుస్తన్నాదో నాకే అంతు సిక్కడం లేదు" అని తల గోక్కుని పోయాడు. అమ్మవారి చలవ అన్నారు గంగులు గారు. అప్పలసూరిని అడిగితే నేల చూపులు చూసి, "ఇంకా నడుస్తాది బాబూ, నడుస్తాది" అనేవాడు. ఆ మాటతో రెండేళ్ళు గడిచాయి. ఇటీవల కొత్తగా రాబోయే కార్యదర్శి గారు మర్యాదపూర్వకంగా వచ్చి, "ఆ ఇంజను ఇంకా ఎన్నాళ్ళు పనిచేస్తుందండీ?" అని అడిగినప్పుడు, ముప్ఫయ్యేళ్ళ అనుభవంగల మన గణపతిరావు గారు ఆయనకు మజ్జిగ తెప్పించారు.

గడచిన వారం పాలెంలో సెలవు తీసుకునేందుకు వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారాక తిరుగు ప్రయాణానికి బండే ఎక్కారు. ఆఖరుసారి గదా, కడుపులో తిప్పితే తిప్పనీ అని పంతం పట్టారట. మెడలో బంతిపూల దండతో ముందు సీటులో, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. వెనుక గంపలూ, ఆడవాళ్ళూ. పాలెం దాటి, ట్రంకు రోడ్డుకు చేర్చే ఎర్రమట్టి మిట్ట ఎక్కుడు మొదట్లో అప్పలసూరి బండి ఆపేశాడు.

"అయిపోయిందా?" అన్నారు గణపతిరావు గారు. ఇన్నాళ్ళూ భయపడిన ఘడియ వచ్చేసిందనుకున్నారు.

వెనుక ధబధబ దిగుతున్న చప్పుడు. చూస్తే ఆడవాళ్ళందరూ దిగి, ఒకరికొకరు గంపలు నెత్తికెత్తుకుని, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఎక్కుడు ఎక్కుతున్నారు. అందరికన్నా ముందు జగ్గమ్మ. ఖాళీ బండి వారి వెనుక మెల్లగా, ఆయాసపడకుండా నడిచింది.

"ఇదేమిటిరా, అప్పలసూరీ?"

"రోజూ ఇలగే బాబూ. బరువుతోటి ఈ ఎక్కుడు ఎక్కలేదు. గొట్టం దించిన కాడి నుంచీ ఈల్లే దిగి మోస్తన్నారు. మీకు సెప్తే మనసు కష్టపెట్టుకుంటారనీసి నా సేత ఒట్టేయించినారు."

గణపతిరావు గారు బండి ఆపించి దిగి, రొప్పుతూ జగ్గమ్మను చేరుకున్నారు. "ఎందుకే తల్లీ, రెండేళ్ళుగా ఇంత కష్టం? ఒక్కమాట నాకు చెప్పకూడదా?"

జగ్గమ్మ ఆగలేదు. గంప కింద నుంచే అన్నది. "దీని బోరింగు మేం తాగతన్నాం బాబూ. దీని బరువు మేం మొయ్యొద్దా?"

వారి కళ్ళ నీళ్ళు ఆగలేదు. బండి ఎక్కమని అప్పలసూరి ఎంత బ్రతిమాలినా వినక, ఎక్కుడు చివరిదాకా ఆ ఆడవాళ్ళ వెంట నడిచారు. పైకి చేరాక అందరితోపాటు వెనుకనే ఎక్కి, చేపల గంపల మధ్య కూర్చుని విజయనగరం వచ్చారు. కడుపులో తిప్పిందో లేదో చూసుకోవడం మరచిపోయానన్నారు. కార్యాలయంలో అడుగుపెట్టగానే వారు చేసిన మొదటి పని, ఇంజనుకు బోరింగు చేయించవలసినదని కొత్త కార్యదర్శి గారి చేతులు పట్టుకుని అడగడం. ఈసారి ఇంజను మాట నాలుగుసార్లు చెప్పారు. ఆయన మాట ఇచ్చారు.

పదవీ విరమణ చేయుచున్న శ్రీ గణపతిరావు గారికి, వారి ధర్మపత్ని శ్రీమతి సుభద్రమ్మ గారికి సంఘం సిబ్బంది, సభ్యులు హృదయపూర్వక అభినందనలు సమర్పించుకుంటున్నారు. ఏ మీటరుకూ అందనంత దీర్ఘమైన ఆయువునూ, నిమ్మకాయ అక్కరలేని ఆరోగ్యాన్నీ వారికి ప్రసాదించవలసినదిగా భగవంతుని ప్రార్థిస్తున్నాం. వయస్సు అన్నాక ఎక్కుళ్ళు రాక మానవు. వచ్చినచోట అడగకుండానే దిగి, చెప్పకుండానే బరువు పంచుకునే మనుషులు ఆ దంపతుల వెంట ఎల్లకాలం నడుతురుగాక!