కోళ్ళ దాణా పొడితో కట్టె కరిగింది

వడమాలపేట దగ్గర కోళ్ళఫారం. తిరుపతిలో కెమిస్ట్రీ పరిశోధన చేస్తున్న కూతురు తండ్రికి ఒక సీసా చూపించింది.

“ఏం మే ఇది, టీ డికాషన్ మాదిరుండాదే?”

“సరుగుడు కట్టెలోని బంక, నాయనా. మన దాణాలో కలిపే కోలిన్ పొడికి పెరుగు పులుపులోని యాసిడ్ కలిపి కాంచితే కరిగొచ్చింది. కాయితానికి కావాల్సిన తెల్లని నార మిగిలింది.”

“కోళ్ళు తినే పొడికి ఇంత సత్తానా! మరి వాగులోకి నల్లనీళ్ళు వదలకుండా కాయితం సెయ్యలేమని మిల్లోళ్ళు అంటుండారే?”

“సీసాలో అయింది. మిల్లులో అవుతాదో లేదో సూడల్ల.”

“సాలు. రేపు మిల్లు మింద మా ఊరోళ్ళ అర్జీ ఇనే కలెక్టరు కాడ ఆ మాటే సెప్పు.”

“మా సారుకు ప్రాజెక్టిచ్చింది ఆ మిల్లే. నోరు తెరిస్తే నా పీహెచ్‌డీ పోతాది.”

“అయితే నువ్వు రావద్దు. నాకు నేర్పు. కలెక్టరు ముందర పొయ్యి పెట్టి నేనే కాంచి సూపిస్తా. సెప్పు, ఆ పులుపు ఎంత పొయ్యల్ల?”