తనంతట తానే స్టార్ట్ అయితే

మాచర్లలో పురుగుమందుల షాపు మూసి వచ్చిన భర్త చెప్పులు విప్పకముందే ఆమె అందుకుంది.

“మళ్ళీ మెయిన్ స్విచ్ ఆపేశారా?”

“షాపు కట్టేసేటప్పుడు ఆపకపోతే ఎట్టా? నాన్న నాటి అలవాటు.”

“షాపులో ఆ లినక్స్ కంప్యూటర్‌ని అట్టా టక్కున ఆపొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఏమే, రోజూ పొద్దున్నే నువ్వొచ్చి ఆ లెక్కలుండే డేటాబేస్ స్టార్ట్ చేస్తేగాని ఒక్క బిల్లూ రాదు. అదేంది, తనంతట తాను స్టార్ట్ కాదా?”

కంచాలు కడుగుతున్న ఆమె చేతులు ఆగాయి.

“అవుద్ది. ఒకే ఒక్కసారి ఒక్క లైను టైప్ చేస్తే చాలు, ఇంక రోజూ అదే లేస్తది.”

“మరి ఇన్నాళ్ళూ చెయ్యలేదేం?”

“చేస్తే నన్ను షాపుకి రమ్మనేదెవరు? చదివిన కంప్యూటర్ చదువు ఆ గంటసేపేగా గుర్తొచ్చేది.”

“అమ్మకి తెలిస్తే ఇంక గడప దాటనీదు. కంప్యూటర్ కోసమనేగా ఊరుకుంటంది.”

“అందుకేగా నా భయం.”

“సరే, అట్టానే ఉండనీ. నేనేం చెప్పన్లే.”

ఆ మాటకు ఆమె మనసు కుదుటపడలేదు. దొంగతనంలో తోడు దొరికినట్టుంది. అందరూ అన్నాలకు కూర్చున్నాక, అత్తగారికి గోంగూర పప్పు వడ్డిస్తూ చెప్పింది.

“అత్తయ్యా, రేపట్నుంచి షాపులో కంప్యూటర్ తనంతట తానే స్టార్ట్ అవుద్ది. దానికి నాతో పని లేదు. అయినా నేను రోజూ పోతా. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటా.”